పని ఆపిన చోటు

పోయిన శీతాకాలం సెలవులకు ముందు పన్నెండో తరగతి పిల్లలు ముగ్గురు మా దగ్గరికి వచ్చి, "టీచర్, ఇంటరప్ట్‌ని తెలుగులో ఏమంటారు?" అని అడిగారు. "అంతరాయం" అన్నాం. "మరి ఇంటరప్ట్ హ్యాండ్లర్‌ని?" అన్నారు. అంతరాయాన్ని చూసుకునేది... అంటూ నసిగాం. ఈ మాటలతో ఏం పని అని అడిగితే, వాళ్లు ల్యాబ్‌లో మార్పులు చేస్తున్న కెర్నల్ ఉన్నట్టుండి బిగుసుకుపోతోందనీ, దాన్ని ఎలా బాగుచేశారో ఈ పత్రికకు రాద్దామనుకుంటే మొదటి వాక్యం దగ్గరే చిక్కుకున్నామనీ చెప్పారు. "బాగుచేశారా?" అంటే, "ఇంకా లేదు టీచర్, అది అయ్యాక రాస్తాం" అన్నారు. బాగుచేయడం అయింది. రాయడం కాలేదు, ప్రీబోర్డులు మీదికొచ్చాయి. వాళ్లను అడిగి, వాళ్ల తరఫున మేము రాస్తున్నాం. రాసేది మేము కాబట్టి మా అభిప్రాయం కూడా ఇందులోకి వస్తుంది, పిల్లలు ఏమీ అనుకోకూడదు.

ఆ అభిప్రాయం ముందే చెప్పేస్తాం. మధ్యలో ఎవరో వచ్చి ఆపినంత మాత్రాన పని చెడిపోదు. ఆపిన పనిని ఎక్కడ, ఏ స్థితిలో ఆపామో దాచిపెట్టకపోతే చెడుతుంది. కెర్నల్ రాసేవాళ్లు ఈ సంగతి దెబ్బలు తిని నేర్చుకున్నారు. రెండేళ్లకో మూడేళ్లకో సామాను సర్దుకునే మన ఇళ్లలో, మీలాంటి పిల్లలతో నిండిన మన బడుల్లో, ఇది ఇంకా సరిగా ఒంటబట్టలేదని మా ఫిర్యాదు. అందులో మా తప్పు కూడా ఉంది. ఆ సంగతికి తర్వాత వస్తాం.

తెలుగు చెప్పేవాళ్లకు కెర్నల్ గొడవ ఎందుకంటారేమో. మేము డిగ్రీలో కంప్యూటర్లు చదివి, ఆ తర్వాత ఎం.ఏ. తెలుగు వైపు తిరిగినవాళ్లం. పదకొండేళ్ల ఉద్యోగంలో ఇది ఐదో ఊరు. కొన్ని ఊళ్లలో మా తెలుగు తరగతికి గది ఉండేది, కొన్ని ఊళ్లలో లైబ్రరీలో ఒక మూల, నలుగురు పిల్లలు. ఇక్కడ ఆ మూలకు అవతలే కంప్యూటర్ ల్యాబ్ ఉండటంతో ఈ ముగ్గురి గోల మాకు రోజూ వినపడేది.

కింది తరగతుల పిల్లల కోసం కొంచెం వివరంగా చెబుతాం. కంప్యూటర్‌లో మిగతా ప్రోగ్రాములన్నిటికీ అడుగున ఉండి, ఎవరికి ఎంతసేపు ప్రాసెసర్ ఇవ్వాలో, ఎవరికి ఎంత మెమరీ ఇవ్వాలో చూసుకునే ప్రోగ్రామే కెర్నల్. కొబ్బరికాయకు పీచు, చిప్ప ఎన్ని ఉన్నా లోపలి కొబ్బరి కోసమే కదా అన్నీ. ప్రాసెసర్ ఒక ప్రోగ్రామును నడుపుతుండగా మీరు కీబోర్డు మీద ఒక అక్షరం నొక్కారనుకోండి. "నన్ను చూడు" అంటూ ప్రాసెసర్‌కి ఒక సంకేతం వెళుతుంది. అదే ఇంటరప్ట్. ప్రాసెసర్ చేస్తున్న పని ఆపి, కెర్నల్‌లో ఆ సంకేతానికి కేటాయించిన భాగంలోకి దూకుతుంది. ఆ భాగమే హ్యాండ్లర్. నొక్కిన అక్షరాన్ని అది అందుకుని ఒక పక్కన పెడుతుంది. తర్వాత ప్రాసెసర్ పాత పనికి తిరిగి వెళుతుంది. ఆగిన ప్రోగ్రాముకి తాను ఆగినట్టే తెలియకూడదు.

మీ అమ్మగారు సాంబారుకు పోపు పెడుతుండగా కొరియర్ అబ్బాయి గంట కొట్టాడనుకోండి. స్టవ్ సిమ్‌లో పెట్టి, సంతకం చేసి, వచ్చి కరివేపాకు వేస్తారు. ఆవాలు చిటపటలాడాయా లేదా, ఇంగువ వేశారా లేదా అన్నది ఆవిడ మనసులో ఉంటుంది. ప్రాసెసర్‌కి మనసు లేదు, రిజిస్టర్లు ఉన్నాయి. రిజిస్టరంటే ఒక్క సంఖ్య పట్టే గూడు. హ్యాండ్లర్ కూడా తన పని కోసం ఆ గూళ్లనే వాడుకోవాలి. కాబట్టి వాడుకునే ముందు వాటిలో ఉన్నదంతా తీసి మెమరీలో ఒకచోట దాచి, పని అయ్యాక దేన్ని ఎక్కడి నుంచి తీశామో అక్కడే పెట్టాలి.

మా పిల్లలు పట్టుకున్న కెర్నల్ పేరు ఎక్స్‌వీ6. అమెరికాలోని ఎంఐటీలో ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం చెప్పడానికి 2006లో తయారుచేశారు. 1975 నాటి యూనిక్స్ ఆరో సంచికను ఆదర్శంగా పెట్టుకుని, ఇప్పటి ప్రాసెసర్లకు సరిపడేలా రాసిన చిన్న కెర్నల్ అది. మొత్తం పది వేల వరుసల లోపే ఉంటుంది. ఎవరైనా ఉచితంగా దించుకుని చదవొచ్చు, మార్చొచ్చు. ఇప్పుడది రిస్క్-ఫైవ్ అనే రకం ప్రాసెసర్ కోసం రాసి ఉంది. ల్యాబ్‌లో అలాంటి ప్రాసెసర్ లేకపోయినా, ఉన్నట్టు నటించే ప్రోగ్రాము ఒకటి ఉంది, దాని మీద నడుపుతారు.

రిస్క్-ఫైవ్‌లో అంతరాయం వచ్చినప్పుడు ప్రాసెసర్ తనంతట తాను చేసే పని చాలా తక్కువ. ఎక్కడ ఆగిందో ఆ చిరునామా ఒకచోట, ఎందుకు ఆగిందో ఆ కారణం ఇంకోచోట రాసుకుంటుంది. మళ్లీ ఇంకో అంతరాయం వెంటనే మీద పడకుండా తలుపు మూస్తుంది, అంతకుముందు తలుపు తెరిచి ఉందా మూసి ఉందా అన్నది కూడా గుర్తుపెట్టుకుంటుంది. అంతే. అసలు లెక్కలున్న 31 రిజిస్టర్ల జోలికి అది వెళ్లదు. వాటిని దాచే బాధ్యత కెర్నల్ రాసినవాళ్లది. 31లో 30 దాచి ఒకటి మరిచిపోయామనుకోండి. ఎక్కువసార్లు ఏమీ కాదు, ఎందుకంటే ఆ క్షణంలో ఆ గూడు ఖాళీగానే ఉండొచ్చు. ఎప్పుడో ఒకసారి, ఏ పాపమూ ఎరుగని ఓ ప్రోగ్రాములో, కూడికకు తప్పు జవాబు వస్తుంది. చూసేవాళ్లు ఆ ప్రోగ్రాము రాసినవాణ్ణి తిడతారు.

ఈ రకం తప్పులకు పెద్దవాళ్లే భయపడ్డారు. నెదర్లాండ్స్‌కు చెందిన ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా పేరు పదకొండు, పన్నెండు తరగతుల వాళ్లు విని ఉంటారు. 1957 ప్రాంతంలో ఎక్స్1 అనే కంప్యూటర్‌ను తయారుచేస్తున్న సహోద్యోగులు, దానికి ఇంటరప్ట్ పెడదామని ఆయనతో అన్నారు. ఆ మాట వినగానే తనకు గాభరా పుట్టిందని ఆయనే తర్వాత రాసుకున్నారు. అప్పటిదాకా ఆయనకు తెలిసిన యంత్రాలు ఎన్నిసార్లు నడిపినా అదే దారిలో నడిచేవి, తప్పు ఉంటే మళ్లీ నడిపి పట్టుకోవచ్చు. ఇంటరప్ట్ ఎప్పుడు వస్తుందో చెప్పలేం కాబట్టి, ఒకసారి కనపడిన తప్పు రెండోసారి కనపడుతుందన్న నమ్మకం లేదు. కొన్నాళ్లు వద్దని మొరాయించి, చివరికి ఒప్పుకున్నారు. 1959లో ఆయన డాక్టరేట్ గ్రంథం ఈ యంత్రంతో జరిపే సంభాషణ మీదే. ఇంత కథ ఎందుకంటే, మా ముగ్గురు పిల్లలు డిసెంబరు చలిలో ఎదుర్కొన్నది సరిగ్గా అదే భయం.

వాళ్లు చేసిన మార్పు చాలా చిన్నది. ఎన్ని కీలు నొక్కారో లెక్కపెట్టే ఒక లెక్క, దాన్ని చదివి చెప్పే ఒక సిస్టమ్ కాల్. లెక్క పెంచేది కీబోర్డు హ్యాండ్లర్. చదివేది మామూలు ప్రోగ్రాము అడిగితే పనిచేసే కెర్నల్ భాగం. ఇద్దరూ ఒకేసారి దాని మీద చేయి వేయకూడదని ఒక తాళం పెట్టారు, లాక్ అంటారు దాన్ని. ఎక్స్‌వీ6లో తయారుగా ఉన్న లాక్ వాడకుండా, నేర్చుకుందామని సొంతంగా రాసుకున్నారు. ఒకరి చేతిలో తాళం ఉంటే రెండోవారు అది దొరికేదాకా "ఇచ్చావా? ఇచ్చావా?" అని అడుగుతూ అక్కడక్కడే తిరగాలి. నలుగురు వాడే గదికి తాళం వేసుకున్నట్టే, ఇందులో తప్పేముంది అనిపిస్తుంది.

ఒక్క ప్రాసెసర్ పెట్టి నడిపారు. పరీక్ష కోసం ఆ లెక్కను ఆపకుండా చదువుతూ ఉండే ప్రోగ్రాము ఒకటి రాశారు. అది నడుస్తుండగా కీలు నొక్కుతూ పోతే, కొన్నిసార్లు నాలుగో కీకే, కొన్నిసార్లు పావుగంట తర్వాత, మొత్తం బిగుసుకుపోయేది. ఆపి మళ్లీ మొదలుపెడితే మామూలే.

మొదట కీబోర్డు మీద అనుమానపడ్డారు, మార్చి చూశారు. ఇంకో కంప్యూటర్ మీద నడిపారు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, తాము రాసిన పదిహేను వరుసలు తప్ప అన్నీ వెతికారు. తర్వాత ఏం జరుగుతోందో చూద్దామని చదివే ప్రోగ్రాములో ప్రతి చుట్టుకూ ఒక ప్రింట్ వాక్యం పెట్టారు. బిగుసుకోవడం ఆగిపోయింది! గంటసేపు కీలు నొక్కినా ఏమీ కాలేదు. "అయిపోయింది టీచర్, పోయింది!" అని లైబ్రరీ మూలకు పరుగెత్తుకొచ్చారు.

"ఎలా పోయింది?" అన్నాం.

"ప్రింట్ పెడితే పోయింది."

"ప్రింట్ పెడితే ఎందుకు పోతుంది?"

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

ఇక్కడే మా మొదటి మాట. ఎందుకు పోయిందో చెప్పలేకపోతే పోనట్టే లెక్క. మన ఇళ్లలో టీవీ ఆగిపోతే ఓ దెబ్బ వేస్తాం, ఫోన్ మొరాయిస్తే ఆపి వేస్తాం, ఏ బాధా లేదు. కెర్నల్ బాగుచేసేవాళ్లకు మాత్రం ఆ అలవాటు పనికిరాదు. వాళ్ల ప్రింట్ వాక్యం తప్పును తీయలేదు, తప్పు జరిగే అవకాశాన్ని తగ్గించింది. ఇంతకుముందు ప్రోగ్రాము తన సమయంలో ఎక్కువ భాగం తాళం చేతిలో పెట్టుకుని గడిపేది. ఇప్పుడు అక్షరాలు తెర మీద వేయడంలోనే ఎక్కువసేపు పోతోంది కాబట్టి, సరిగ్గా తాళం చేతిలో ఉన్న క్షణంలో కీ పడటం అరుదైంది. అది నివురుగప్పిన నిప్పు. గంటలో రాకపోతే వారంలో వస్తుంది, అప్పటికి ఈ మార్పు చేసిన సంగతే ఎవరికీ గుర్తుండదు.

అసలు జరుగుతున్నది తెలుసుకోవడానికి యంత్రం ఆపేసి కాగితం ముందు కూర్చోబెట్టాం. ఎడమవైపు మామూలు పని, కుడివైపు హ్యాండ్లర్, వరుస తర్వాత వరుస. ఒకమ్మాయి పెన్సిలు పట్టుకుని మామూలు పని వెంట నడుస్తుంది, ఇంకో అబ్బాయి తనకిష్టమైన చోట "కీ!" అని అరుస్తాడు. అరవగానే పెన్సిలు కుడివైపుకు దూకాలి. అక్కడి పని పూర్తయితే గానీ ఎడమకు రాకూడదు. నాలుగో ఆటలో దొరికింది. ఎడమవైపు తాళం తీసుకుంది, లెక్క చదవబోతోంది. "కీ!" పెన్సిలు కుడివైపుకు దూకింది. కుడివైపు మొదటి వరుస: తాళం తీసుకో. తాళం ఎడమవైపు ఉంది. ఎడమవైపు వదలాలంటే అది ముందుకు నడవాలి, అది నడవాలంటే కుడివైపు ముగియాలి, కుడివైపు ముగియాలంటే తాళం దొరకాలి. ఉన్నది ఒక్కటే ప్రాసెసర్. పెన్సిలు అక్కడే తిరుగుతూ ఉంది. తాళం తన జేబులోనే పెట్టుకుని, తలుపు అవతల ఎవరో ఉన్నారని ఎదురుచూస్తూ నిలబడినట్టు. దీన్నే డెడ్‌లాక్ అంటారు.

తాళం చేతిలో ఉన్నంతసేపు ఆ ప్రాసెసర్ మీద అంతరాయాలు రాకుండా తలుపు మూసేయాలి, ఇదీ విరుగుడు. రెండు వరుసలు కలిపారు. తాళం తీసుకునే ముందు ఇంటరప్టులు ఆపు, వదిలాక ఇంటరప్టులు తెరువు. ఈసారి ఎందుకు పనిచేస్తుందో చెప్పగలిగారు కూడా. నిజంగానే రెండు రోజులు బాగా నడిచింది.

మూడో రోజు మళ్లీ బిగిసింది. ఇంకో లెక్క కోసం రెండో తాళం ఒకటి చేర్చారు, మొదటి తాళం చేతిలో ఉండగానే రెండోది తీసుకుని వదిలే చోటు ఒకటి ఏర్పడింది. రెండోది వదలగానే ఏమవుతుంది? "ఇంటరప్టులు తెరువు." మొదటి తాళం ఇంకా చేతిలోనే ఉంది, తలుపు మాత్రం బార్లా తెరుచుకుంది. పెద్దవాళ్లు నిద్రపోతున్నారని అమ్మ దీపం ఆర్పి ఉంచిన గదిలోకి మీరు పుస్తకం కోసం వెళ్లారనుకోండి. బయటికి వచ్చేటప్పుడు దీపం వేసి వస్తారా? మీరు వెళ్లేటప్పటికి ఎలా ఉందో అలా ఉంచి రావాలి. వెలుగుతుంటే వెలుగుతున్నట్టు, ఆరి ఉంటే ఆరినట్టు.

ఎక్స్‌వీ6 సొంత లాక్ ఈ పనే చేస్తుంది. పుష్‌ఆఫ్, పాప్‌ఆఫ్ అని రెండు చిన్న ఫంక్షన్లున్నాయి. పుష్‌ఆఫ్ తలుపు మూసి, ఎన్నిసార్లు మూశామో లెక్క ఒకటి పెంచుతుంది. మొట్టమొదటిసారి మూసేముందు తలుపు ఎలా ఉండేదో కూడా రాసిపెడుతుంది. పాప్‌ఆఫ్ లెక్క తగ్గిస్తుంది. లెక్క సున్నాకు వచ్చి, మొదట తెరిచే ఉండి ఉంటేనే తెరుస్తుంది. ఆ కెర్నల్‌లో సెకనుకు పదిసార్లు వరకు మోగే టైమర్ గంట ఉంది. ఆ గంటల లెక్కకూ ఇలాంటి తాళమే ఉంది, నిద్రపోవాలనుకునే ప్రోగ్రాము దాన్ని పట్టుకున్నప్పుడు గంట మోగితే మా పిల్లలకు పట్టిన గతే పడుతుంది. దాన్ని రాసినవాళ్లు తమ పాఠ్యపుస్తకంలో ఈ ఉదాహరణే చెప్పారు. మా పిల్లలు ఆ పేజీ ముందే చదివారు. చదివీ చేశారు. చదివితే వచ్చే తెలివి వేరు, చేతులు కాలితే వచ్చే తెలివి వేరు, ఏం చేస్తాం.

లైనక్స్ లాంటి పెద్ద కెర్నల్‌లో కాగితం మీద పెన్సిలు నడపడం కుదరదు. అందుకని 2006లో ఇంగో మోల్నార్ లాక్‌డెప్ అనే పరీక్షకుణ్ణి ఆ కెర్నల్‌లోనే చేర్చారు. ఏ తాళాన్ని హ్యాండ్లర్లు తీసుకుంటున్నాయో, అదే తాళాన్ని ఎవరైనా తలుపు తెరిచి ఉంచి తీసుకున్నారో అది గమనిస్తూ ఉంటుంది. రెండూ కనపడితే, బిగుసుకోవడం ఇంకా ఒక్కసారి కూడా జరగకపోయినా, జరగగలదని హెచ్చరిస్తుంది. జరిగిందా అని అడగకుండా జరగగలదా అని అడగడం మాకు చాలా నచ్చింది. ఇంకోటి కూడా చెప్పాలి. ఒక లైను మీద లక్ష అంతరాయాలు వస్తే వాటిలో 99,900కి పైగా ఏ హ్యాండ్లరూ "ఇది నాది" అనకపోతే, లైనక్స్ "ఎవరూ పట్టించుకోలేదు" అన్న అర్థం వచ్చే సందేశం రాసి ఆ లైనునే మూసేస్తుంది. దాన్ని చూసి ముగ్గురూ పడీపడీ నవ్వారు. కొత్త బడిలో మొదటి వారం మధ్యాహ్న భోజనం గంటలో ఒంటరిగా కూర్చుని డబ్బా తెరిచినవాళ్లకు అంత నవ్వు రాకపోవచ్చు.

ఇక మా తప్పు సంగతి. రెండు పోస్టింగుల కిందట, నవంబరు మధ్యలో ఏడో తరగతిలో ఒక పాప చేరింది. వాళ్ల నాన్నగారికి అప్పుడే బదిలీ అయింది. టీసీలో పేరు, పుట్టిన తేదీ, తరగతి, చదివిన సబ్జెక్టులు ఉన్నాయి. సబ్జెక్టుల్లో తెలుగు లేదు. పాఠం చదవమంటే చదవలేకపోయింది. సరే అని మూడో తరగతి పిల్లల పక్కన కూర్చోబెట్టి అ ఆ ఇ ఈ దిద్దించాం. నాలుగు వారాలు తల వంచుకుని దిద్దింది, నోరు విప్పలేదు. ఓ రోజు ఎనిమిదో తరగతి అబ్బాయి వేమన పద్యం అప్పజెబుతూ మూడో పాదం దగ్గర ఆగిపోతే, ఆ మూల నుంచి ఈ పాప మిగతాది రాగయుక్తంగా పూర్తిచేసింది. కదిపితే ఇంకో ముప్ఫై వచ్చాయి. రోజూ రాత్రి అమ్మమ్మ ఫోన్లో చెప్పిందట. గుణింతాలూ వచ్చు. ఒత్తులే రావు. ఒత్తులు నేర్పడానికి పది రోజులు చాలేది. మేము ఆ పిల్లను ఆపి మొదటి నుంచి నడిపాం. యంత్రాన్నైతే రీసెట్ అంటారు.

టీసీ తప్పు రాసిందా? లేదు. ప్రాసెసర్ తనంతట తాను దాచేంత మాత్రమే అది దాచింది. ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది. మిగతా 31 దాచవలసినవాళ్లం మేము, అవతలి బడిలో మాలాంటివాళ్లు, ఇంట్లో అమ్మానాన్నలు. ఎవరమూ అడగలేదు. పిల్లలు ఎలాగూ సర్దుకుపోతారులే అన్న ధీమా ఒకటి మనందరిలో ఉంది. సర్దుకుపోతారు, నిజమే. రిజిస్టర్ ఒకటి పోయిన కెర్నల్ కూడా సర్దుకుపోయినట్టే కనపడుతుంది. ఎప్పుడో ఎక్కడో ఓ కూడిక తప్పుతుంది, అప్పుడు "ఈ పిల్లకు భాషలు రావండీ" అంటాం.

ఈ కథ ఆ ముగ్గురికీ చెప్పాం. చెప్పిన మర్నాడే వాళ్లు మాకు ఇంకో ముక్క తెచ్చి చూపించారు, ఈ వ్యాసం రాయాలనిపించింది అసలు దానివల్లే. ఎక్స్‌వీ6లో, కెర్నల్ పని జరుగుతుండగా అంతరాయం వస్తే రిజిస్టర్లు దాచి, తిరిగి పెట్టే చోటు ఒకటుంది. మిగతా రిజిస్టర్లన్నీ వరుసగా తిరిగి పెడుతూ, టీపీ అనే ఒక్కదాన్ని మాత్రం కావాలనే వదిలేస్తుంది. పక్కన చిన్న వ్యాఖ్య కూడా ఉంది, ఈ లోపల ప్రాసెసర్ మారి ఉండొచ్చు అని. ఆ కెర్నల్‌లో తాను ఏ ప్రాసెసర్ మీద ఉన్నానన్నది టీపీలో ఉంటుంది. టైమర్ గంట కొట్టినప్పుడు ఆగిన పని, రెండో ప్రాసెసర్ మీద తిరిగి మొదలుకావొచ్చు. అప్పుడు పాత టీపీని భద్రంగా తెచ్చి పెడితే, ఉన్నది రెండో దాని మీద, అనుకునేది మొదటి దాని మీద ఉన్నానని. ఆ తర్వాత పట్టే ప్రతి లెక్కా పక్కవాళ్లది.

ముగ్గురూ ఆగలేదు. తిరిగి పెట్టే ఆ ఒక్క వరుసా రాసి, మూడు ప్రాసెసర్లతో నడిపారు. కొన్ని నిమిషాలకే కెర్నల్ పానిక్ అని చెప్పి ఆగిపోయింది. వాళ్లలో వైమానిక దళం ఉద్యోగి కొడుకు ఒకడున్నాడు, ఇది ఆరో బడి వాడికి. "టీచర్, ఇది మనమే కదా. జోర్హాట్ వచ్చాక కూడా మూడు నెలలు ఫారాల మీద జామ్‌నగర్ పిన్‌కోడ్ రాశాను" అన్నాడు. అన్నీ దాచుకోమని చెబుతున్న మాకు అది కొత్త పాఠం. పాత ఊళ్లో మా టీచర్ ఇలా చెప్పేది కాదు, పాత బడిలో ఇలా ఉండేది కాదు అని ఆరు నెలలు మూతి ముడుచుకునే పిల్లల్ని మేము చూశాం. అలాంటి టీచర్లనూ చూశాం. ఆ ఒక్క రిజిస్టరు వెనక్కి పెట్టకండి. పద్యాలు, ఒత్తులు, సగం చదివిన పుస్తకం, సగంలో ఉన్న ప్రాజెక్టు, అవన్నీ తెచ్చుకోండి.

ఈ ఏడాది నుంచి మా తెలుగు మూలలో ఒక పద్ధతి పెట్టాం. బదిలీ ఖాయమైన పిల్ల లేదా పిల్లాడు వెళ్లేముందు మాతో కూర్చుని ఒక్క పేజీ రాయాలి. ఏది వచ్చు, ఏది సగంలో ఉంది, ఎక్కడ తడబాటు. మార్కులు రాయకూడదు, అవి టీసీ చూసుకుంటుంది. ఇలాంటిది అన్ని సబ్జెక్టులకూ ఉండాలని మా కోరిక. స్టాఫ్‌రూమ్‌లో ఈ మాట అంటే, ఉన్న కాగితాలు చాలవా అని ఒక సహోద్యోగి అన్నారు. ఆ మాటలో న్యాయముంది. హ్యాండ్లర్ ఎక్కువసేపు కూర్చుంటే దాని వెనుక వచ్చే అంతరాయాలు పోగవుతాయి. అందుకే లైనక్స్‌లో ఆ పనిని రెండుగా చీలుస్తారు, అర్జెంటుది అక్కడికక్కడ, మిగతాది తీరిక దొరికాక. కాబట్టి ఒక్క పేజీయే. అవతలి టీచరు మొదటి రోజు దాన్ని చదివితే చాలు, మిగతాది నెమ్మదిగా చూసుకోవచ్చు. ఒక్క పేజీ కూడా భారమే అనేవాళ్లతో మాత్రం మేము ఏకీభవించం. నాలుగు వారాలు అ ఆలు దిద్దిన ఆ పాప తల మాకు ఇంకా కనపడుతోంది.

అవతలి బడిలో తెలుగే లేకపోతే ఆ పేజీ ఎవరు చదువుతారని ఒక పాప తల్లి అడిగింది. అప్పుడు మీరే చదవాలి, లేదా అమ్మమ్మ చదవాలి అన్నాం. చాలా ఊళ్లలో జరిగేది అదే. మళ్లీ తెలుగున్న ఊరికి మూడేళ్లకు వచ్చినా, పేజీ ఉంటే ఆగిన చోటు ఉంటుంది.

ముగ్గురు పిల్లలూ సొంత లాక్ తీసేసి ఎక్స్‌వీ6 లాక్ పెట్టుకున్నారు. వాళ్ల ఫైలులో ఏం మార్చారో, ఎందుకు మార్చారో పదకొండు వరుసల్లో రాశారు. ప్రింట్ వాక్యం తీసేసి, ఒక రాత్రంతా నడిపి చూశారు, పొద్దునకు ఇంకా నడుస్తూనే ఉంది. ఇంటరప్ట్ హ్యాండ్లర్‌కు తెలుగు మాట మాత్రం ఇంకా దొరకలేదు.

జోర్హాట్ నుంచి వచ్చిన ఆ అబ్బాయి చెల్లెలు మా దగ్గరే ఐదో తరగతి తెలుగు చదువుతోంది. మార్చిలో వాళ్ల నాన్నగారికి మళ్లీ బదిలీ. మొన్న ఆ అమ్మాయి తన పేజీ తెచ్చి ఇచ్చింది. "గుణింతాలు వచ్చు. ఒత్తుల్లో క-వత్తు, త-వత్తు వచ్చు. ళ-వత్తు రాస్తే టీచర్ నవ్వుతారు. తెనాలి రామకృష్ణుడి కథల పుస్తకం 42వ పేజీలో ఉన్నాను, అది లైబ్రరీ పుస్తకం కాబట్టి ఇచ్చేశాను. కొత్త బడిలో ఉంటే 43 నుంచి."